పటకథయు మూకచిత్రమును: శంకాభావ విచారము

అలంకారికులు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావములలో శంకయు, ఔత్సుక్యమును గలవు. ముందేమి జరుగునో యను ఆతురత యీ రెండింటి కలయిక వలన పుట్టును. కథాంతము తెలియనందుననే ప్రేక్షకునకు ఆతురత గలుగునని పలువురు తలంతురు. అమెరికా దేశపు తొలి మూకచిత్రములను తెలుగునాటి పటకథలతో పోల్చి చూచినచో ఈ తలంపు నిలువదు.

1909లో గ్రిఫిత్ తీసిన 'ది లోన్లీ విల్లా' యందు తలుపులు పగులగొట్టు దొంగలను, లోపల వడకు ఇల్లాలిని, దూరమున టెలిఫోనులో ఆమె మొర విను భర్తను మార్చి మార్చి చూపిరి. 1913లో లోయిస్ వెబర్ తన భర్తయగు ఫిలిప్స్ స్మాలీతో గూడి 'సస్పెన్స్' అను చిన్న చిత్రమును నిర్మించెను. అందు తెరను మూడు భాగములు చేసి, దుండగుని, ఇల్లాలిని, భర్తను ఒక్కమారే చూపెను. ఇల్లాలెరుగని దానిని ప్రేక్షకుడెరుగును. ఎరిగియు ఆమెకు చెప్పజాలడు. వాని కలతకు మూలము జ్ఞానమే గాని అజ్ఞానము గాదు.

1914లో గ్రిఫిత్ ఎడ్గార్ ఎలన్ పో రచనల నాధారముగా గొని 'ది అవెంజింగ్ కాన్షియన్స్' తీసెను. అందు అపరాధపరిశోధకుడు పెన్సిలుతో బల్లపై తట్టుచుండ, గడియారపు లోలకము ఊగుచుండ, హంతకునకవి మృతుని గుండెచప్పుళ్లుగా దోచును. శబ్దము లేని చిత్రమున మనస్సాక్షి యిట్లు వస్తువుల మూలమున కంటికి గోచరమయ్యెను.

ఇట్టి మర్మమే చేర్యాల నకాషీ పటములందును గలదు. చేర్యాల 2016 వరకు వరంగల్లు జిల్లాలో జనగామ ప్రాంతమునకు చేరియుండి, పిదప సిద్దిపేట జిల్లాలో కలసెను. నకాషీలు ఖద్దరుబట్టకు గంజియు, సుద్దమన్నును, చింతగింజల అంబలియు పట్టించి, యెర్రని నేలపై కథను వరుస వరుసలుగా వ్రాయుదురు. కథకుడు చుట్టను కొంచెము కొంచెముగా విప్పుచు చెప్పును. పద్మశాలీలకు కూనపులివారు చెప్పు మార్కండేయుని కథలో బాలుని ఆయువు పదునారేండ్లే. శివుడు కాచునని సభలో నెల్లరెరుగుదురు. అయినను ఆ గడువు సమీపించు ఘట్టము శంకాస్థానమే. విప్పని చుట్టలో నున్నది తెలియని సంగతి గాదు. తెలిసియు రావలసియున్న సంగతి.

కావున శంకకు ప్రాణము విలంబము. మూకచిత్రమున దానిని దృశ్యముల కూర్పు నిలుపును. పటకథలో కథకుని కంఠమును, చేతిలోని చుట్టయు నిలుపును. అమెరికా మూకకాలపు పెద్ద చిత్రములలో నూటికి డెబ్బది వంతులు నశించినవని 2013లో అచ్చటి కాంగ్రెసు గ్రంథాలయము ప్రకటించెను. పటములకు గలిగిన నష్టము వేరు విధము. గోడకు తగిలించుటకై విడివిడిగా వ్రాసిన చిన్న చిత్రములలో రంగులును రేఖలును నిలిచినవి. విప్పుటకు చుట్ట లేదు. పటములను భద్రపరచువారు వానిని విప్పు క్రమమును, కథకుడాగు తావులను గూడ వ్రాసియుంచనిచో బొమ్మ మిగులును గాని కథ మిగులదు.