వేడి చంపింది... చల్లదనం కాచింది

ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో థార్న్‌డన్ హాల్ అనే పెద్ద ఎస్టేట్ ఉండేది. దాని యజమాని లార్డ్ పీటర్‌కు మొక్కలంటే ప్రాణం. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చే విత్తనాలూ, అంట్లూ ఎంత ఖర్చయినా తెప్పించుకునేవాడు. 1739లో ఆయన తోటలో ఒక ఎర్రటి పువ్వు విచ్చుకుంది. ముదురాకుపచ్చగా నిగనిగలాడే దళసరి ఆకులు, మధ్యలో పసుపు కేసరాల గుత్తి. అది కమేలియా. ఇంగ్లండులో కమేలియా పూసినట్టు రికార్డుల్లో దొరికే మొదటి సంగతి ఇదే.

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. తూర్పు దేశం నుంచి వచ్చిన మొక్క కదా, చలికి ఆగదేమోనని నిప్పు రాజేసి వేడెక్కించే గాజు గదిలో పెట్టి పెంచారు. ఆ వేడికే మొక్కలు చచ్చిపోయాయి. లార్డ్ పీటర్ 1742లో మశూచితో చిన్న వయసులోనే కన్నుమూశాడు. ఆయన దగ్గర పనిచేసిన తోటమాలి జేమ్స్ గోర్డన్ తర్వాత లండన్‌లోని మైల్ ఎండ్‌లో సొంత నర్సరీ పెట్టి, కమేలియాలను నలుగురికీ అందుబాటులోకి తెచ్చాడు.

పెంచినవాళ్ల శ్రద్ధలో లోపం లేదు. మొక్క పుట్టిన చోటు ఎలాంటిదో తెలియకపోవడమే లోపం. కమేలియా చరిత్రంతా ఈ ఒక్క పాఠం చుట్టూనే తిరిగింది.

అడవి నీడలో పుట్టిన మొక్క

తోటల్లో ఎక్కువగా కనిపించే కమేలియా జపోనికా స్వస్థలం జపాన్, కొరియా, చైనా తీరాలు. అక్కడ పెద్ద చెట్ల కింద, చెట్ల సందుల్లోంచి జారే ఎండలో పెరుగుతుంది. కాళ్ల కింద ఏళ్ల తరబడి రాలిన ఆకులు కుళ్లి తయారైన మెత్తటి నేల, పుల్లని గుణం ఉన్న మట్టి. చలికాలం చివర, మిగతా చెట్లు మోడులై నిలబడ్డప్పుడు ఇది పూస్తుంది. జపాన్‌లో మంచు కప్పిన కొమ్మల మీద ఎర్రటి కమేలియాలు కనిపించడం మామూలే. ఇలాంటి మొక్కకు కొలిమి లాంటి గది దేనికి?

ఐరోపా తోటమాలులకు ఇది బోధపడటానికి చాలా కాలం పట్టింది. ఈలోగా 1792లో ఈస్టిండియా కంపెనీ వ్యాపారానికి తిరిగే 'కర్నాటిక్' అనే ఓడలో చైనా నుంచి తెల్లటి ముద్ద పూల రకం 'ఆల్బా ప్లీనా' లండన్ చేరింది. రేకు మీద రేకు పేర్చినట్టుండే ఆ పువ్వుకు శ్రీమంతులు మనసు పారేసుకున్నారు. 1813లో డెవన్‌షైర్ ఆరో డ్యూక్ లండన్ దగ్గరి చిజిక్ హౌస్‌లో పొడవాటి గాజు భవనం కట్టించాడు. తర్వాత అది కమేలియాలకు నెలవైంది. పారిస్‌లో ఈ పువ్వు విలాసానికి గుర్తుగా మారింది. 1848లో అలెగ్జాండర్ డ్యూమా కుమారుడు రాసిన నవల నాయికకు ఈ పువ్వు పేరే పడింది.

చెట్టు దగ్గరికే వచ్చిన ఇల్లు

జర్మనీలోని డ్రెస్డెన్ నగర శివార్లలో, ఎల్బే నది ఒడ్డున పిల్‌నిట్స్ రాజభవనం ఉంది. దాని తోటలో 1801లో నాటిన ఒక కమేలియా నేటికీ పూస్తోంది. అక్కడి చలికాలం జపాన్ తీరం కంటే చాలా కఠినం. అందుకని మొదట్లో గడ్డీ చాపలూ కప్పి కాపాడారు. చెట్టు పెరిగేకొద్దీ ఏటా శీతకాలానికి దాని చుట్టూ చెక్క ఇల్లు కట్టి, వసంతం రాగానే విప్పేసేవారు.

1905 జనవరిలో ఆ చెక్క ఇంటికి నిప్పంటుకుంది. బయట చలి సున్నాకు 20 డిగ్రీలు కింద. మంటలార్పడానికి చల్లిన నీళ్లు చెట్టు మీద పడ్డవి పడ్డట్టే గడ్డకట్టాయి. కాలిన చెట్టు మంచు తొడుగులో చిక్కుకుంది. ఇక అంతే అనుకున్నారు చూసినవాళ్లంతా. కానీ ఆ మంచు పొరే ఎముకలు కొరికే చలి నుంచి దాన్ని కాచిందని చెబుతారు. చెట్టు మళ్లీ చిగురించింది.

ఇప్పుడది సుమారు 9 మీటర్ల ఎత్తున గుబురుగా ఉంది. 1992లో దానికి కొత్త గాజు ఇల్లు కట్టారు. ఎత్తు 13 మీటర్ల పైచిలుకు, బరువు 54 టన్నులు. ఈ ఇల్లు పట్టాల మీద నడుస్తుంది. చలికాలం రాగానే జరిగొచ్చి చెట్టును తనలో దాచుకుంటుంది. ఎండలు రాగానే పక్కకు తప్పుకుని చెట్టును గాలికీ వానకూ వదిలేస్తుంది. లోపల ఉష్ణోగ్రత, తేమ, గాలి రాకపోకలు కంప్యూటర్ చూసుకుంటుంది. అంత ఖరీదైన ఇంట్లో చలికాలమంతా ఉంచేది 4 నుంచి 6 డిగ్రీల మధ్యే! గడ్డకట్టనివ్వరు, అలాగని వేడెక్కనివ్వరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఒక్క చెట్టు వేలకు వేలు పూలు పూస్తుంది. థార్న్‌డన్ హాల్‌లో కమేలియాకు ఏది అందలేదో, పిల్‌నిట్స్‌లో సరిగ్గా అదే అందుతోంది.

పెరటి దాకా వచ్చిన కథ

కమేలియా గాజు ఇళ్లు దాటి మామూలు పెరళ్లలోకి రావడం వెనుక ఇంకో మలుపు ఉంది. స్కాట్లండ్ అన్వేషకుడు జార్జ్ ఫారెస్ట్ చైనాలోని యునాన్ కొండల నుంచి కమేలియా సాలుయెనెన్సిస్ విత్తనాలు పంపాడు. 1920లలో కార్న్‌వాల్‌లోని కేర్‌హేస్ కోటలో జె.సి. విలియమ్స్ దాన్ని జపోనికాతో సంకరం చేశాడు. అలా పుట్టిన 'విలియమ్సియై' రకాలు చలికి గట్టివి, విరివిగా పూస్తాయి, వాడిన పూలను తామే రాల్చేస్తాయి.

నేడు సియాటిల్, అట్లాంటా, కాలిఫోర్నియా పెరళ్లలో కమేలియా మామూలు మొక్క. అక్కడ ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి ఇది ఇంటితో పాటే దక్కి ఉంటుంది. అలాంటివారు ముఖ్యంగా గమనించాల్సింది మొగ్గలను. ఆకు మొగ్గ సన్నగా మొనతేలి ఉంటుంది. పక్కనే బొద్దుగా, ఆకుపచ్చ పొలుసులు కప్పుకుని ఉండేది పూమొగ్గ. అది వేసవిలోనే కట్టి నెలల తరబడి కొమ్మ మీద ఎదురుచూస్తుంది. వేసవి చివర్లో నేల ఎండిపోతే, దాని ఫలితం చలికాలంలో మొగ్గ రాలడంగా బయటపడుతుంది. కాబట్టి పూలకోసం నీళ్లు పోయాల్సింది పూసేటప్పుడు కాదు, ఆగస్టు, సెప్టెంబరుల్లో.

మట్టి పుల్లగా, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. వాన నీళ్లు పట్టి పోయడం మేలు. నాటేటప్పుడు వేళ్లముద్ద పైభాగం నేల మట్టానికి కాస్త ఎత్తుగానే ఉండాలి, లోతుగా పూడ్చితే మొక్క కుదేలవుతుంది. వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి మొక్క మొదలు దగ్గర తవ్వకూడదు. ఎండుటాకులు మందంగా పరిస్తే చాలు, అవీ కాండానికి తగలకూడదు. మంచు పడే ఊళ్లలో తూర్పు ఎండ నేరుగా తగిలే చోటు వద్దు. గడ్డకట్టిన మొగ్గ ఉదయపు ఎండకు ఒక్కసారిగా కరిగి మాడిపోతుంది. కత్తిరింపు పూలు అయిపోగానే చేయాలి, ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గలే తెగిపోతాయి. రాలిన పూలను ఎప్పటికప్పుడు ఏరేయాలి, రేకులను గోధుమరంగుకు తిప్పే బూజు తెగులు నేల మీది పూలలోనే మకాం వేస్తుంది.

మరి మన గుంటూరు, కరీంనగర్‌లలో? మన మైదానాల ఎండకు ఇది నిలిచే మొక్క కాదు. ఆన్‌లైన్‌లో రంగుల ఫొటో చూసి తెప్పించుకుని, మే నెలలో మేడ మీద మాడ్చడం న్యాయం కాదు. ఇదే కుటుంబంలోని మరో మొక్క మాత్రం రోజూ మన ఇళ్లకు వస్తూనే ఉంది. టీ మొక్క శాస్త్రీయ నామం కమేలియా సైనెన్సిస్. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ రెంటినీ వేర్వేరు ప్రజాతుల్లో పెట్టినా, తర్వాతి శాస్త్రవేత్తలు ఒకే గూటికి చేర్చారు.

మల్లె మన ఎండను కోరుకుంటుంది, కమేలియా చల్లటి నీడను కోరుకుంటుంది. ఏ మొక్కనైనా ఇంటికి తెచ్చేముందు దాని పుట్టిల్లు ఎక్కడో, అక్కడి మట్టీ, నీడా, చలీ ఎలా ఉంటాయో కనుక్కోవాలి. అవి మనం ఇవ్వగలిగితేనే కుండీ కొనాలి.