డమ్మీ తూటాలతో ఇంట్లో గన్ సాధన: నోవై తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న తెలుగు కుర్రాడు ఒకరు పుట్టినరోజు నాడే తుపాకీ పేలి చనిపోయాడు. శుభ్రం చేస్తుండగా పేలిందని వార్తల్లో వచ్చింది. ఇలాంటివి జరిగినప్పుడు మన పేపర్లు "గన్ మిస్‌ఫైర్" అని రాస్తాయి. నిజానికి మిస్‌ఫైర్ అంటే అర్థం దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం మిస్‌ఫైర్. శుభ్రం చేస్తుంటే పేలింది అంటే మాత్రం చాంబర్‌లో తూటా ఉందన్నమాట. అది లేదని ఎవరో అనుకున్నారు, అంతే.

ఈ తేడా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, నోవైలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ గన్ కొనుక్కున్న మనవాళ్లు కొందరు రేంజ్‌కి వెళ్లే తీరిక లేక ఇంట్లోనే "డ్రై ఫైర్" సాధన చేస్తున్నారు. అసలు తూటా లేకుండా గురి చూసి ట్రిగ్గర్ నొక్కడమే డ్రై ఫైర్. అందుకు డమ్మీ రౌండ్లు వాడతారు. మంచి సాధనే, పోలీసులూ పోటీ షూటర్లూ చేసేదే. కానీ డమ్మీ తూటా కొన్నంత మాత్రాన గన్ బొమ్మ అయిపోదు.

సాధన కంటే ముందు వీసా సంగతి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవారి దగ్గర గన్ గానీ అసలు తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం అందులో ఒకటి. దాన్ని నమ్ముకుని దిగేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇక్కడ పొరపాటు జరిగితే జరిమానాతో పోదు, ఇమ్మిగ్రేషన్ ఫైలుకే ఎసరు పెడుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ వీసా నిషేధం వర్తించదు. భర్తకు గ్రీన్ కార్డు వచ్చి, ఇంట్లో మరొకరు ఇంకా వీసా మీదే ఉంటే, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందన్నది కూడా లాయర్‌తో మాట్లాడాల్సిన విషయమే.

ఇక డమ్మీ రౌండ్ ఏమిటో చూద్దాం. అసలు తూటాలో నాలుగు భాగాలు: డొల్ల, మందు, ముందు బుల్లెట్, అడుగున ప్రైమర్. ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది, మందు అంటుకుంటుంది. డమ్మీలో మందూ ఉండదు, ప్రైమరూ ఉండదు. ప్రైమర్ ఉండాల్సిన చోట స్ప్రింగో రబ్బరో పెట్టి, పిన్ దెబ్బను మెత్తగా ఆపేలా చేసినదాన్ని స్నాప్ క్యాప్ అంటారు. ట్రిగ్గర్ సాధనకు కావాల్సింది ఇదే. గన్‌లోకి తూటా సరిగ్గా ఎక్కుతోందా, బయటికి వస్తోందా అని చూసుకోవడానికి మాత్రమే చేసిన డమ్మీలు వేరే ఉంటాయి. పెట్టె మీద ఏమి రాశారో చదివి కొనండి. గన్ క్యాలిబర్ ఏదైతే డమ్మీ కూడా అదే క్యాలిబర్‌ది కావాలి.

నేటి సెంటర్‌ఫైర్ పిస్టళ్లలో చాలావాటికి డమ్మీ లేకుండా డ్రై ఫైర్ చేసినా నష్టం లేదు. పాయింట్ ట్వంటీటూ లాంటి రిమ్‌ఫైర్ గన్‌ల సంగతి వేరు. వాటిలో ఖాళీగా నొక్కితే పిన్ నేరుగా చాంబర్ అంచుకు తగిలి దెబ్బతీసే మోడళ్లు ఉన్నాయి. గన్‌తో వచ్చిన మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క.

రంగును నమ్ముకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. డమ్మీలు ఎక్కువగా ఎరుపు, నారింజ, నీలం రంగుల్లో వస్తాయి. అయితే హోర్నడీ కంపెనీ క్రిటికల్ డిఫెన్స్ అనే అసలు తూటా కొన కూడా ఎర్రగానే ఉంటుంది. మ్యాగజైన్‌లో పైనుంచి చూసి "ఎర్రగా ఉంది, డమ్మీయే" అనుకుంటే కొంప మునుగుతుంది. ప్రతి డమ్మీనీ చేతిలోకి తీసుకుని అడుగుభాగం చూడాలి. అక్కడ లోహపు ప్రైమర్ బిళ్ల కనబడితే అది డమ్మీ కాదు, పక్కన పెట్టేయండి. పాత డొల్లలకు బుల్లెట్ బిగించి ఇంట్లో తయారుచేసిన డమ్మీలు ఎవరైనా ఇస్తే మర్యాదగా వద్దనండి. అసలు తూటాకూ వాటికీ తేడా కనిపెట్టడం కష్టం.

ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది. ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లో ఉన్నదాన్ని బయటికి రప్పించాలి. స్లైడ్‌ని వెనకే లాక్ చేసి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి. ఈ వరస తిరగబడితే, అంటే మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగి ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తే, మొదటి తూటా బయటపడుతుంది, రెండోది చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. బయటికి వచ్చిన తూటా కళ్లముందే ఉంటుంది కాబట్టి గన్ ఖాళీ అయిందనిపిస్తుంది. మ్యాగజైన్ తీసేసినా చాలా పిస్టళ్లు పేలతాయి. దీనికి తోడు గ్లాక్ లాంటి పిస్టల్‌ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే, దాని నిర్మాణమే అంత. "శుభ్రం చేస్తుండగా" అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే.

సాధన చేసే గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. జేబులోనూ, డ్రాయర్‌లోనూ, రేంజ్ బ్యాగ్ అడుగునా. అన్నీ వేరే గదిలో తాళం వేసి ఉండాలి. గురి పెట్టే దిక్కు కూడా ముఖ్యం. మన ఇళ్లలో గదుల మధ్య ఉండేది డ్రైవాల్. తొమ్మిది ఎంఎం తూటా అలాంటి గోడల్ని ఒకటి తర్వాత ఒకటి దాటుకుంటూ పోతుంది. మిషిగన్ ఇళ్లకు బేస్‌మెంట్ ఒక వరం, వెనక మట్టి ఉన్న పునాది గోడ వైపే గురి పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్, టౌన్‌హోమ్‌లలో గోడ అవతల పక్కింటివారు పడుకుని ఉంటారు. అలాంటి చోట ఈ సాధన రేంజ్‌లోనే చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

పది, పదిహేను నిమిషాలు చాలు. ముందు సైట్ కదలకుండా ట్రిగ్గర్‌ని నిదానంగా వెనక్కి నొక్కడం నేర్చుకోవడమే ఇక్కడ పని. తూటా చిక్కుకుంటే, పేలకపోతే ఎలా సరిచేసుకోవాలో కూడా డమ్మీలతో చేసి చూసుకోవచ్చు. అసలైన మిస్‌ఫైర్‌కు సాధన అదే. డమ్మీలను అసలు తూటాలతో కలిపి మ్యాగజైన్‌లో నింపి, ఎప్పుడు ఏది వస్తుందో తెలియకుండా కాల్చే పద్ధతి ఒకటుంది. చెయ్యి ముందే అదురుతోందేమో దానితో బయటపడుతుంది. అది రేంజ్‌లో, తెలిసినవారు పక్కనుండగా మాత్రమే. ఇంట్లో ఆ రెండూ ఒక బల్ల మీద కూడా కలవకూడదు. వాడగా వాడగా డమ్మీల అంచు అరిగిపోతుంది, ప్లాస్టిక్‌వి విరుగుతాయి. అలాంటివి పారేయండి.

అసలు ప్రమాదం సాధన అయిపోయాక ఉంటుంది. డమ్మీ తీసేస్తారు, అసలు మ్యాగజైన్ పెట్టుకుంటారు. అప్పుడు "ఇంకొక్కసారి" అని చెయ్యి దురద పెడుతుంది. అరగంటగా యాభైసార్లు నొక్కిన వేలు, ఏమీ కాదని అలవాటుపడ్డ వేలు, మరోసారి నొక్కుతుంది. అందుకే అనుభవజ్ఞులు "అయిపోయింది" అని పైకి అని, గన్‌ని తాళంలో పెట్టి, ఆ గదిలోంచి లేచిపోతారు. ఒంటరిగా ఉన్నా పైకే అంటారు. వినడానికి నవ్వు రావచ్చు, చేసి చూడండి. చాంబర్‌లో డమ్మీని వదిలేసి గన్ దాచడం కూడా తప్పే. "అందులో ఉన్నది డమ్మీయే" అని ఇంట్లో ఒకరు అనుకోవడం మొదలైతే ఆ ఇంటికి అంతకు మించిన ముప్పు లేదు.

తాళం విషయంలో మిషిగన్ చట్టం 2024 ఫిబ్రవరి 13 నుంచి మారింది. మైనర్లు ఉన్న, లేదా వచ్చే అవకాశమున్న ఇంట్లో గన్‌ని వదిలి వెళ్లేటప్పుడు తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, లేదా తూటాలు తీసేసి గన్‌కే తాళం బిగించాలి. సొంత పిల్లలే అక్కర్లేదు, బర్త్‌డే పార్టీకి వచ్చే పిల్లలూ లెక్కే. నిర్లక్ష్యం వల్ల గన్ పిల్లల చేతికి చిక్కి ఎవరైనా చనిపోతే యజమానికి 15 ఏళ్ల వరకు జైలు. మన ఓక్లండ్ కౌంటీలోనే ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబరు 30న నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాల్చిన కుర్రాడి తల్లికీ తండ్రికీ 2024 ఏప్రిల్‌లో పదేసి నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. అది ఈ చట్టానికి ముందు జరిగిన ఘటన, శిక్ష నరహత్య నేరం కింద. గన్ తాళాలకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద చాలా పోలీస్ శాఖలు ఉచితంగా ఇస్తాయి, మీ ఊరి స్టేషన్‌లో ముందు అడగండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇంట్లో గన్ ఉందని చెప్పకుండా ఉంచడం కూడా పనికిరాదు. ఇల్లు సర్దే అలవాటున్న పెద్దవాళ్లు ఏ అర తెరిచినా ఆశ్చర్యం లేదు. ఫలానా పెట్టె ముట్టుకోవద్దని ఒక్క మాట చెబితే సరిపోతుంది.

ఇండియా ప్రయాణం పెట్టుకున్నవారికి మరొకటి. శంషాబాద్‌లో బ్యాగులో తూటా దొరికి ప్రయాణికులు పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన వార్తలు మీరూ చదివే ఉంటారు. స్కానర్ తెర మీద డమ్మీ కూడా తూటాలాగే కనబడుతుంది, అక్కడ వివరించి చెప్పేలోపు విమానం వెళ్లిపోతుంది. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుని, జాకెట్‌ని ఆ ప్రయాణానికి అసలు వాడకండి.