రెండు కోటల నీడలో ఒక దంపతుల కథ

ఉత్తర వేల్స్‌లో కాన్వీ కోటను ఆనుకునే రైలు పట్టాలు పోతాయి. మాంచెస్టర్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక సెలవు రోజున నేనూ మా ఆవిడా పొద్దున్నే బయల్దేరి ఆ ఊళ్లో దిగాం. 8 పెద్ద బురుజులతో, నదీముఖాన రాతిగుట్ట మీద నిలిచిన ఆ కోటను ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1283లో మొదలుపెట్టించాడు. అసలు పని నాలుగైదేళ్లలోనే పూర్తయింది. అయిన ఖర్చు దాదాపు 15,000 పౌండ్లు, ఆ కాలానికి అది అపారమైన సొమ్ము. కోటతో పాటే ఊరినీ కట్టించి, చుట్టూ 21 బురుజుల ప్రాకారం లేపాడు. ఇంగ్లండు నుంచి జనాన్ని తెచ్చి అందులో కాపురం పెట్టించాడు. ఆ నేల సొంతదారులైన వెల్ష్ వాళ్లు ప్రాకారం లోపల ఇల్లు కట్టుకోకూడదు, వర్తకం చేయకూడదు.

ఇదంతా కోటను చూడటానికి వచ్చేవాళ్లకు ఎలాగూ చెబుతారు. నాకు మాత్రం కోట కంటే దానికి ముందు అక్కడున్నదే ముఖ్యమనిపించింది. ఇప్పుడు ఊరున్న చోట అబర్‌కాన్వీ అనే క్రైస్తవ మఠం ఉండేది. గ్విన్నెడ్ రాజ్యాన్ని ఏలి, వెల్ష్ ప్రభువులందరిలో గొప్పవాడిగా పేరు తెచ్చుకున్న లూవెలిన్ 1240లో సన్యాసి దుస్తుల్లో అక్కడే కన్నుమూశాడు. అక్కడే సమాధి చేశారు. ఊరి మధ్య కూడలిలో ఆయన విగ్రహం ఉంది. ప్రాకారం మీద నడిచేవాళ్లలో ఆ విగ్రహం ముందు ఆగేవాళ్లు తక్కువ.

లూవెలిన్ భార్య జోన్. ఇంగ్లండు రాజు జాన్‌కు వివాహేతర సంబంధంలో పుట్టిన కూతురు. 1205లో పెళ్లయింది. అది రెండు రాజ్యాల మధ్య సంధి కోసం చేసిన పెళ్లే అయినా, ఆమె అత్తింటి పక్షాన గట్టిగా నిలబడింది. 1211లో జాన్ దండెత్తి వచ్చి గ్విన్నెడ్‌ను తొక్కేస్తుంటే, రాయబారానికి భర్త పంపింది ఆమెనే. కన్నతండ్రి దగ్గరికి వెళ్లి భర్త కోసం సంధి అడిగింది.

1230లో ఆ కాపురం కుప్పకూలేంత పని జరిగింది. విలియం డి బ్రయోస్ అనే సరిహద్దు ప్రభువు జోన్ గదిలో దొరికాడు. లూవెలిన్ అతణ్ని బహిరంగంగా ఉరి తీయించాడు, భార్యను నిర్బంధించాడు. ఏడాది తిరిగేసరికి ఆమెను విడిపించి, మళ్లీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రాణి తప్పును రాజు క్షమించడం ఆ కాలపు యూరప్‌లో మామూలు విషయం కాదు. 1237లో జోన్ చనిపోతే, ఆంగ్లసీ దీవిలోని లాన్‌వైస్ రేవు పట్టణంలో సమాధి చేయించి, ఆమె జ్ఞాపకార్థం ఫ్రాన్సిస్కన్ మఠం కట్టించాడు. ఆయన పేరు నిలిచింది యుద్ధాల వల్లే గానీ, నా లెక్కన ఆయన చేసిన పెద్ద పని ఇదే.

ఇప్పుడు ఎడ్వర్డు సంగతికి వద్దాం. ఆయన జాన్ మనవడు, అంటే జోన్ ఆయనకు వరసకు మేనత్త. 1282 డిసెంబరులో లూవెలిన్ మనవడు, అదే పేరున్న చివరి లూవెలిన్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన తల లండనుకు చేరింది. మరుసటి ఏడాది కాన్వీలో కోటా ఊరూ కట్టడానికి సన్యాసులను నది వెంట ఎగువన ఉన్న మైనాన్‌కు తరలించారు. లూవెలిన్ శవపేటికా వాళ్లతోనే కదిలింది.

జోన్ వంతు తర్వాత వచ్చింది. 1294లో మాడొగ్ నాయకత్వంలో వెల్ష్ వాళ్లు తిరగబడ్డారు. దాన్ని అణచి, 1295లో లాన్‌వైస్ పక్కనే బ్యూమారిస్ కోటకు పునాది వేశాడు ఎడ్వర్డు. మధ్యాహ్నం మేం చేరింది అక్కడికే. కందకం నిండా నీళ్లు, గోడ లోపల గోడ, ఆవలి గట్టున మెనై జలసంధి, దాని వెనక స్నోడోనియా కొండలు. కొలతల్లో ఇంత పొందికైన కోట బ్రిటన్‌లో లేదంటారు. కానీ అది పూర్తి కాలేదు. 1296 ఫిబ్రవరిలో ప్రధాన శిల్పి జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ ఖజానాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. 400 మంది తాపీ పనివాళ్లు, 2,000 మంది కూలీలు, 100 బండ్లు, 30 పడవలు పనిలో ఉన్నాయనీ, కూలి బకాయి పడి జనం నిలవడం లేదనీ అందులో మొరపెట్టుకున్నాడు. ఆ డబ్బంతా స్కాట్లాండ్ యుద్ధానికి పోతోంది.

కోట పక్కన వెల్ష్ రేవు ఉండకూడదని లాన్‌వైస్ జనాన్ని దాదాపు 20 కిలోమీటర్ల అవతలికి పంపేశారు. ఆ కొత్త ఊరే న్యూబరో. మా ఆవిడ కృష్ణ ఒడ్డున ప్రాజెక్టు ముంపులో పోయిన ఊళ్లో పుట్టింది. ఈ మాట చెప్పగానే ఆగిపోయింది.

"వాళ్లకు భూములిచ్చారా అండీ?"

"న్యూబరోలో ఇచ్చారు. అక్కడంతా ఇసుక నేల."

"మరి సమాధులు?"

మఠం మాత్రం లాన్‌వైస్‌లోనే మిగిలింది. దాన్ని 1530లలో మూయించింది ఎనిమిదో హెన్రీ. ఆయన పూర్వీకులు ఈ దీవి వాళ్లే. 1401లో గుడ్‌ఫ్రైడే నాడు, కావలివాళ్లు చర్చిలో ఉండగా కాన్వీ కోటను యుక్తితో పట్టుకున్న ట్యూడర్ అన్నదమ్ముల వంశంలో పుట్టినవాడు హెన్రీ. మఠాలన్నిటితో పాటు మైనాన్‌నూ మూయించింది ఆయనే. లూవెలిన్ రాతి శవపేటిక చివరికి లాన్‌రూస్ట్ చర్చికి చేరింది. జోన్‌దిగా చెప్పే పేటిక రెండు వందల ఏళ్లకు పైగా గుర్రాలు నీళ్లు తాగే తొట్టిగా పడి ఉంది. 1808లో దాన్ని విడిపించారు. ఇప్పుడు బ్యూమారిస్ చర్చి ముఖద్వారం దగ్గర ఉంది. మూత మీద చెక్కిన స్త్రీ రూపం జోన్ కాదనే పండితులూ ఉన్నారు.

మా ఆవిడ ఆ రాయిని చేత్తో తడిమి చాలాసేపు నిలబడింది. "ఆయనది చూడకుండా వెళ్లొద్దు" అంది. లాండుడ్నో బీచ్‌కూ పొడవాటి పియర్‌కూ దాచుకున్న సాయంత్రాన్ని వదిలేసి లాన్‌రూస్ట్‌కు వెళ్లాం. పేటిక అక్కడి చాపెల్‌లో నేల మీదే ఉంది.

1986లో యునెస్కో కాన్వీ, కార్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేల్స్ ప్రభుత్వ సంస్థ కాడూ వాటిని బాగా కాపాడుతోంది. మీ పిల్లలు మాంచెస్టర్‌లోనో లివర్‌పూల్‌లోనో ఉంటే, లండన్‌కు దాచుకున్న రోజుల్లోంచి ఒకటి ఇటు ఇవ్వండి. కాన్వీ ప్రాకారం మీద నడవడానికి టికెట్ అక్కర్లేదు. కోటలు చూశాక బ్యూమారిస్ చర్చికీ, లాన్‌రూస్ట్ చర్చికీ తప్పకుండా వెళ్లండి.