ప్రత్యేక వెల్డింగ్ రాడ్లు: ప్రకటన, పరీక్ష

మెత్తని ఉక్కుకు వాడే 6013, 7018 రాడ్లు సరిపోని చోట, అంటే పోత ఇనుముకు, స్టెయిన్‌లెస్‌కు, త్వరగా అరిగిపోయే భాగాలకు అమ్మేవి ప్రత్యేక వెల్డింగ్ రాడ్లు. నెల్లూరు తీరంలో వీటితో పని ఎక్కువ. కృష్ణపట్నం రేవులో బొగ్గు ఎత్తే బకెట్లు, నేలటూరు థర్మల్ కేంద్రం, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు అన్నీ ఉప్పుగాలిలోనే ఉంటాయి. ధర మామూలు రాడ్డుకు ఎన్నో రెట్లు కాబట్టి, పెట్టె మీది మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాల్సిందే.

"ఏ ఉక్కునైనా అతుకుతుంది" అని అమ్మే రాడ్లలో చాలావాటి లోహం 312 తరగతి స్టెయిన్‌లెస్. అందులో క్రోమియం 28–32 శాతం, నికెల్ 8–10.5 శాతం ఉంటాయి. ఏ రకమో తెలియని ఉక్కుకు అది నిజంగా మంచి రాడ్డే. కానీ అదే లోహం ప్రమాణ సంఖ్యతో కూడా దొరుకుతుంది. కొనేవారు ముందుగా అడగాల్సింది వర్గీకరణ సంఖ్య, ఆ బ్యాచ్ పరీక్ష పత్రం. మెత్తని ఉక్కు రాడ్లకు ఐఎస్ 814, స్టెయిన్‌లెస్ రాడ్లకు ఐఎస్ 5206 ప్రమాణాలున్నాయి.

బలం గురించిన అంకె ఎక్కువగా మోసగిస్తుంది. 312 లోహానికి కనీస తన్యత బలం 660 మెగాపాస్కల్స్. దాన్ని 410 కనీస బలమున్న ఐఎస్ 2062 పలకకు వాడితే, లాగినప్పుడు పలకే ముందు తెగుతుంది. రాడ్డుకు పెట్టిన అదనపు డబ్బు అక్కడ వృథా.

"తుప్పు మీద, తడి మీద కూడా పనిచేస్తుంది" అనే మాటను తీరంలో అస్సలు నమ్మకూడదు. 7018 వంటి రాడ్ల పూత గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆర్క్ వేడికి ఆ తేమలోంచి హైడ్రోజన్ విడివడి అతుకులోకి చేరుతుంది. గట్టి ఉక్కులో గంటల తర్వాతో, మర్నాడో పగులు బయటపడుతుంది. అందుకే విప్పిన పెట్టెలోని రాడ్లను తయారీదారు చెప్పినట్లు, సాధారణంగా 300–350 డిగ్రీల వద్ద, ఓవెన్‌లో మళ్లీ కాల్చాలి. అదే వేడి 6013కు పెడితే పూత పాడవుతుంది.

సూపర్‌క్రిటికల్ బాయిలర్లలో వాడే పీ91 ఉక్కుకు ముందు సుమారు 200 డిగ్రీల వేడి, తర్వాత 750 డిగ్రీల దగ్గర ఉష్ణ చికిత్స తప్పనిసరి. "ప్రీహీట్ అక్కర్లేదు" అనే ప్రకటన అక్కడ ప్రమాదకరం.

అరుగుదలకు వేసే హార్డ్‌ఫేసింగ్ రాడ్ల మీద ఉన్న కాఠిన్యం అంకె సాధారణంగా రెండు మూడు పొరలు వేశాక వచ్చేది. మొదటి పొరలో కింది ఉక్కు కలిసిపోయి కాఠిన్యం తగ్గుతుంది. క్రోమియం కార్బైడ్ పొర మీద అడ్డంగా సన్నని పగుళ్లు కనబడటం సహజం, లోపం కాదు. బకెట్ అంచులో సగం కొత్త రాడ్డుతో, సగం పాతదానితో పూసి, ఒకే సరుకు మీద నడిపి మందం కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఏరేటర్ చట్రానికి 316ఎల్ పేరుతో 308ఎల్ రాడ్డు అంటగట్టినా కంటికి, అయస్కాంతానికి తేడా దొరకదు. 316ఎల్‌లో ఉండాల్సిన 2–3 శాతం మాలిబ్డినాన్ని ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరం క్షణాల్లో చూపిస్తుంది. అది అందుబాటులో లేకపోతే రెండు రాడ్లతో నమూనాలు అతికి, చెరువు నీటిలోనే కొన్ని నెలలు వేలాడదీసి, అతుకు పక్కన గుంటలు పడ్డాయేమో చూడవచ్చు.