క్వాంటం కంప్యూటర్ వస్తే మన రికార్డులు భద్రమేనా? సంస్థలు ఇప్పుడే చేసుకోవాల్సిన పనులు

రాజమండ్రి, భీమవరం, అమలాపురం ఎక్కడైనా స్కూళ్లు, ఆసుపత్రులు, సహకార సంఘాలు, మసీదు కమిటీలు చాలావరకు కంప్యూటర్ రికార్డులకు మారిపోయాయి. ఆధార్, పాస్‌పోర్టు కాపీలు, గల్ఫ్ నుంచి ఇంటికి పంపే డబ్బుల వివరాలు ఆన్‌లైన్లోనే నడుస్తున్నాయి.

తాళం ఎక్కడ బలహీనం?

ఈ సమాచారాన్ని కాపాడే తాళాల్లో ముఖ్యమైనది ఆర్ఎస్ఏ. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక. వచ్చిన లబ్ధం నుంచి ఆ రెండింటినీ రాబట్టడం మామూలు కంప్యూటర్‌ వల్ల అయ్యే పని కాదు. క్వాంటం కంప్యూటర్ మాత్రం దీన్ని త్వరగా తేల్చేయగలదని పీటర్ షోర్ 1994లోనే చూపించారు.

ఇప్పుడే ప్రమాదమా?

అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల యంత్రం పెడతామని ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో ప్రకటించాయి. అంత చిన్న యంత్రంతో ఆర్ఎస్ఏ తాళం విడిపోదు. అయితే అందుకు 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో వేసిన అంచనా, 2025 నాటికి 10 లక్షల లోపుకు దిగింది.

అసలు చిక్కు వేరే ఉంది. దొంగలు తాళం వేసిన డేటాను ఇవాళ కాజేసి దాచుకుని, యంత్రం వచ్చాక తెరవొచ్చు. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం. ఆధార్ నంబరు, వేలిముద్ర, ఆరోగ్య చరిత్ర ఎలా మారుస్తాం?

ఏం చేయాలి?

* ఏ డేటా ఎక్కడుందో, ఎన్నేళ్లు దాచాలో జాబితా రాయాలి. అక్కర్లేని ఆధార్ కాపీలు తీసేయాలి. లేని డేటాను ఎవరూ దొంగిలించలేరు.
* సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లను అడగాలి: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఇచ్చిన ఎఫ్ఐపీఎస్ 203, 204, 205 ప్రమాణాలకు ఎప్పుడు మారతారు? ఆర్ఎస్ఏ వంటి పాత పద్ధతులను 2035 తర్వాత వాడకూడదన్నది నిస్ట్ ముసాయిదా.
* దాచిన ఫైళ్లకు, బ్యాకప్‌లకు ఏఈఎస్-256 వాడాలి. దాన్ని క్వాంటం యంత్రాలకూ గట్టి తాళంగానే లెక్కిస్తున్నారు.
* కొత్త ఒప్పందాల్లో తాళం మార్చుకునే వీలు ఉండాలని రాయించుకోవాలి.

ఇంట్లో వాళ్లు కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ఫోన్, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటే చాలు. సిగ్నల్ 2023లో, ఐమెసేజ్ 2024లో కొత్త తాళాలకు మారడం మొదలుపెట్టాయి. “క్వాంటం సెక్యూరిటీ” పేరుతో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మాత్రం అది మోసమే.