గురువు టిప్పణాల నుండి వెలసిన చరిత్ర



మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన మన పిల్లలు బడిలో శివాజీ చరిత్రను, పీష్వాల చరిత్రను శ్రద్ధగా చదువుకొంటారు. ఆ చరిత్రను మరాఠీలో సమగ్రంగా కూర్చి ఇచ్చినవారిలో అగ్రగణ్యుడొకరు మొదట పిల్లలకు పాఠాలు చెప్పిన గురువన్న సంగతి మాత్రం మనలో చాలామంది ఎరుగరు. ఆయన పేరు గోవింద సఖారాం సర్దేశాయి. మరాఠీవారు ఆయనను ఆదరంతో 'రియాసత్‌కార్' అంటారు. మాతృభాషను బోధించే మనకు ఆయన జీవితం ఒక ముఖ్యమైన మాట చెబుతుంది. దయచేసి చివరిదాకా చదవండి.

సర్దేశాయి 1865 మే 17న రత్నగిరి ప్రాంతంలోని గోవిల్ గ్రామంలో సామాన్య కుటుంబంలో జన్మించారు. రత్నగిరిలోను, ఆపై పుణె, బొంబాయి కళాశాలలలోను చదువుకొని, 1889లో బరోడా సంస్థానంలో కొలువు చేరారు. మహారాజు మూడవ శాయాజీరావు గాయక్వాడ్‌కు గ్రంథాలు చదివి వినిపించడం, రాజకుమారులకు చదువు చెప్పడం ఆయన విధులు.

చరిత్ర పాఠం చెప్పబోయేసరికి ఆయనకు ఒక లోటు కనిపించింది. మరాఠాల చరిత్రకు ప్రధానమైన ఆధారం గ్రాంట్ డఫ్ 1826లో ఇంగ్లీషులో ప్రకటించిన గ్రంథమే. పిల్లల భాషలో, పిల్లల ముందు పెట్టదగిన సమగ్రమైన పుస్తకం లేదు. లేదని ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పాఠానికి కావలసిన టిప్పణాలను మరాఠీలో తానే రాసుకొన్నారు. ఆ టిప్పణాలే పెరిగి పెరిగి గ్రంథాలయ్యాయి. 1898లో 'ముసల్మానీ రియాసత్' వెలువడింది. 1902 నుండి మూడు దశాబ్దాల పాటు 'మరాఠీ రియాసత్' సంపుటాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 'బ్రిటిష్ రియాసత్' కూడా వాటితో చేరింది.

1925లో కొలువు విరమించి, పుణె దాపున ఇంద్రాయణీ నదీతీరంలోని కామ్‌శేత్‌లో నివాసమేర్పరచుకొన్నారు. విశ్రాంతి దొరకవలసిన ఆ వయసులోనే అసలైన శ్రమ మొదలైంది. పుణెలో పీష్వాల నాటి కాగితాలు రుమాళ్లలో మూటలు మూటలుగా కట్టి ఉండేవి. బొంబాయి ప్రభుత్వం వాటినుండి ముఖ్యమైనవి ఎంచి ప్రకటించే బాధ్యతను ఆయనకు అప్పగించింది. 1930 మొదలు కొద్ది సంవత్సరాలలోనే 45 సంపుటాలు వెలువడ్డాయి. వంగదేశపు చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ ఈ కృషిలో ఆయనకు ఆప్తమిత్రుడు, సలహాదారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ కాగితాలలో అధికభాగం మోడి లిపిలో ఉన్నాయి. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ నడుమ ఎడం విడువకుండా గొలుసుకట్టుగా రాసే లిపి అది. దానిని చదవగలవారు ఉన్నారు కనుకనే ఆ మూటలు మాట్లాడాయి. ఇరవయ్యవ శతాబ్దంలో మోడి క్రమంగా బడినుండి తొలగిపోయింది. ఈనాడు మరాఠీ మాతృభాషగా గలవారికి సైతం దానిని చదవడం ప్రత్యేకంగా నేర్చుకొనవలసిన విద్య. కాగితం చెదలు తింటే పోతుంది. అక్షరం నేర్పేవారు లేకపోతే భద్రంగా ఉన్న కాగితం కూడా పోయినట్లే.

సర్దేశాయి వద్ద నేర్వవలసిన మరొక గుణం, తన రాతను తానే తిరిగి పరీక్షించుకోవడం. కొత్త ఆధారాలు దొరికిన తరువాత, ఎనిమిది పదుల వయసులో, మరాఠాల చరిత్రను ఇంగ్లీషులో మూడు సంపుటాలుగా మళ్లీ రచించి 1946-48 మధ్య ప్రకటించారు. 1957లో పద్మభూషణ్ గౌరవం పొంది, 1959 నవంబరు 29న పరమపదించారు.

ఇటువంటి ప్రయత్నం మనవారిలోనూ జరిగింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు నాగపురంలో చదువుకొని, మరాఠీలో పాండిత్యం సంపాదించి, ఆ భాషలో వ్యాసాలు రాశారు. తెలుగులో శివాజీ చరిత్ర రచించారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో ఆ మండలి ప్రచురణగానే వెలువడింది. పొరుగు భాషను ప్రేమించడం వల్ల ఆయన తెలుగు తరగలేదు, పెరిగింది. బడిలో మరాఠీ బాగా చదివే మన పిల్లల విషయంలోనూ ఇదే నిజం.

ఇక మన ఇళ్ల సంగతి. వలస వచ్చిన తాతముత్తాతల ఉత్తరాలు, మగ్గాల లెక్కలు, పెళ్లి ఖర్చుల పద్దులు పాత ట్రంకుపెట్టెలలో ఇంకా ఉన్నాయి. ఒక విద్యార్థి తన ముత్తాత రాసిన కార్డు నాకు తెచ్చి చూపి, "మాస్టారూ, ఇందులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదండీ" అన్నాడు. ఆనాడు నేను చదివి వినిపించాను. రేపు వినిపించేదెవరు?

కనుక నా మనవి ఇది. తల్లిదండ్రులు ఆ కాగితాలను తూకానికి అమ్మవద్దు. ఉపాధ్యాయులు వారానికి ఒక్క గంట వాటిని పిల్లలచేత చదివించి, తేదీ, ఊరు, పేరు రాయించండి. పాఠ్యపుస్తకం లేదని చింతించవలదు. సర్దేశాయి గారికీ మొదట లేదు.