గేటు బయటివాళ్ళు రాయాల్సిన ఉత్తరం

2027 ఫిబ్రవరికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే సమ్మెకు నూరేళ్ళు నిండుతాయి. సభలు జరుగుతాయి, దండలు పడతాయి. అంతకంటే పనికొచ్చేది ఇంకొకటుంది. సమ్మె మీద ఓటింగ్ వచ్చినప్పుడల్లా ఆ ఊరి తెలుగు కుటుంబాలు పత్రికా సంపాదకులకు ఉత్తరం రాయడం అలవాటు చేసుకోవాలి.

ఒక ప్రశ్న మీద జనం నేరుగా అవుననో కాదనో ఓటేసే అవకాశం మన దేశంలో అరుదు. మహారాష్ట్రలో కలవాలా వద్దా అని 1967 జనవరి 16న గోవా ప్రజలు తేల్చుకున్నారు. అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రైల్వే ఊళ్ళకు మాత్రం ఈ అనుభవం కొత్త కాదు. సమ్మెకు దిగుదామా వద్దా అని యూనియన్లు రహస్య ఓటింగ్ పెడతాయి. దాన్నే సమ్మె బ్యాలెట్ అంటారు. ఓటు కార్మికుడిది, కష్టం మాత్రం ఊరందరిదీ. ఖరగ్‌పూర్ గోల్ బజార్ కొట్టువాడికి అరువులు వసూలు కావు, రోజూ లోకల్ ఎక్కేవాడికి బండి ఉండదు, ఇంట్లో జీతం ఆగిపోతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీ 1887లో పుట్టింది. 1902లో తూర్పు కోస్తా లైను ఉత్తర భాగం దాని చేతికొచ్చింది. గంజాం, విశాఖ జిల్లాల జనం ఆ పట్టాల వెంటే ఖరగ్‌పూర్ చేరారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా కుదిరారు. మథురాకాటి, నింపురా క్వార్టర్లలో తెలుగు వినిపించడం మొదలైంది.

ఇక 1927. వరాహగిరి వెంకటగిరి బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చినవారు. బి.ఎన్.ఆర్. కార్మికులను కూడగట్టి సంఘం నిలబెట్టినవాళ్ళలో ఆయనే ముఖ్యులు. ఆ ఫిబ్రవరిలో సమ్మె మొదలైంది, వ్యవహారం కాల్పుల దాకా వెళ్ళింది. సమ్మె ముగిసినా గొడవ చల్లారలేదు. ఉద్యోగాల కోతతో సెప్టెంబరులో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు లాకౌట్ పడింది, గేటు నెలల తరబడి తెరుచుకోలేదు.

నన్ను కట్టిపడేసే ఘట్టం మాత్రం ఢిల్లీలో జరిగింది. గిరిగారి తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు, అప్పుడు కేంద్ర శాసనసభ సభ్యులు. ఖరగ్‌పూర్ సమ్మె సంగతులు ఆయన స్వయంగా ఆరా తీసి, సభలో వాయిదా తీర్మానం పెట్టారు. తీర్మానం పుణ్యమా అని రైల్వేలన్నింటిలోని సిబ్బంది కోత చర్చకు వచ్చింది. చివరికి రైల్వేలను నడిపే ఏజెంట్లు, రైల్వేమెన్ ఫెడరేషన్ ప్రతినిధులు కలిసి కూర్చునే స్థాయీ సంఘం ఏర్పడింది. కొడుకు గేటు దగ్గర, తండ్రి సభలో! పంతులుగారు వర్క్‌షాపులో సుత్తి పట్టినవారు కారు. అయినా వర్క్‌షాపు గోడు దేశం చెవిన పడిందంటే ఆయన చొరవ వల్లే. ఉన్న సంగతులు కనుక్కున్నారు, ఒకే విషయం పట్టుకున్నారు, అదను చూసి అడగాల్సినవాళ్ళను అడిగారు. సంపాదకుడికి రాసే మంచి ఉత్తరానికి కావలసినవీ ఇవే.

తర్వాతి కథ ఇంత సూటిగా నడవదు. 1944లో బి.ఎన్.ఆర్. ప్రభుత్వపరమైంది. 1974 మే 8న దేశమంతా రైళ్ళు ఆగి ఇరవై రోజులు సమ్మె సాగినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరిగారే. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్ళకు పాత పింఛను పోయింది. దాన్ని తిరిగి ఇవ్వాలంటూ 2023 నవంబరు 21, 22 తేదీల్లో రైల్వే యూనియన్లు సమ్మె బ్యాలెట్ పెట్టాయి. అత్యధికులు సమ్మెకే ఓటేశారు. 2024 మే 1న మొదలవుతుందన్న సమ్మె వాయిదా పడింది. ఆగస్టు 24న ఏకీకృత పింఛను పథకం ప్రకటన వచ్చింది. గెలిచామా, ఓడామా? ఒకే ఇంట్లో తండ్రిదొక మాట, కొడుకుదొక మాట.

ఆ ఇంటి మాటే పత్రికకు ఎక్కాలి. ఉద్యోగంలో ఉన్నవాడికి 1966 నాటి ప్రవర్తనా నియమావళి అడ్డం. ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తూ పత్రికకు రాయకూడదు. గుర్తింపు పొందిన యూనియన్ బాధ్యులకు మాత్రం సర్వీసు షరతుల విషయంలో వెసులుబాటు ఉంది. కాబట్టి కలం పట్టాల్సింది గేటు బయటివాళ్ళే: ఇల్లాలు, చదువుకుంటున్న కూతురు, కొట్టు యజమాని.

ఎలా రాయాలి? ఏ తేదీ వార్తకు స్పందనో చెప్పి, మొదటి వాక్యంలోనే సమ్మెకు అవునో కాదో తేల్చెయ్యండి. కారణం ఒక్కటే చాలు, దానికి మీ ఇంటి లెక్క జోడించండి. ‘మా మామగారికి చివరి జీతంలో సగం పింఛను, దానిపై కరువు భత్యం. మా ఆయన 2006లో చేరారు. నెలనెలా మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో పది శాతం కోత పడినా, రేపు చేతికెంత వస్తుందో చెప్పేవారు లేరు’ అని 2023లో ఒక ఇల్లాలు రాసి ఉంటే, పది నినాదాల పెట్టు అయ్యేది. అవతలి వాదాన్ని దాచకండి. బండి ఆగితే ఆసుపత్రికి వెళ్ళలేని రోగి సంగతి మీరే ఎత్తి, మీరే జవాబు చెప్పండి. నూటయాభై మాటలు దాటనివ్వకండి. అసలు పేరు, చిరునామా ఇవ్వండి. బ్యాలెట్ పెట్టె రావడానికి వారం ముందే పంపండి, ఓటు పడ్డాక వచ్చే ఉత్తరం వృథా.

ఇంకో మాట. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది, సంతోషం. కానీ తెలుగు పత్రికకు రాస్తే మనవాళ్ళే చదువుతారు. పక్క క్వార్టరు బెంగాలీ పొరుగువాడిని ఒప్పించాలంటే అదే ఉత్తరం బెంగాలీలోనూ వెళ్ళాలి. మథురాకాటి పిల్లలకు రెండు భాషలూ వచ్చు. మళ్ళీ బ్యాలెట్ ప్రకటన వెలువడిన రోజే వాళ్ళతో రెండు ఉత్తరాలూ రాయించండి.